తెర ఖరాబ్ గాలె, సెట్టింగ్ జూడున్రి

లాప్‌టాప్‌ల తెల్ల పేజీ తెరిస్తె వెలుతురు పెరుగుతది, నల్ల పేజీకి పోంగనే దానంతట అదే తగ్గుతది. మనం ఏ బటనూ ముట్టం, అయినా తెర మెల్లగ మసకబారి మల్ల లేస్తది. గీ బాధతోని దుకాణానికి పోతె, ‘డిస్‌ప్లే పోయింది, మార్చాలె’ అనేటోళ్లు ఉన్నరు. మా తమ్ముని కొడుక్కు గట్లనే చెప్పిన్రు. వేలల్ల ఖర్చు. పైసలు కట్టెముందు ఒకసారి చార్జర్ పెట్టి చూడుమన్న. పెట్టంగనే తెర నిలకడైంది.

పాడైన ప్యానెల్‌కు నల్ల పేజీ, తెల్ల పేజీ అనే తేడా తెల్వది. బ్యాటరీ మీద ఉన్నప్పుడే, అదీ పేజీ మారినప్పుడే వెలుతురు ఆడుతున్నదంటె ముందుగాల అనుమానించాల్సింది గ్రాఫిక్స్ డ్రైవర్‌ను.

సంగతేందంటె, ఎల్‌సీడీ తెర ఎన్క ఒక దీపం ఉంటది. దాన్నే బ్యాక్‌లైట్ అంటరు. బ్యాటరీని బాగ తినేటియిల్ల అదొకటి. అందుకే డ్రైవర్ తెర మీది బొమ్మను చూసి దీపాన్ని తగ్గిస్తది, ఆ లోటు కనవడకుండ బొమ్మల కాంతిని పెంచుతది. లెక్క ప్రకారం మన కండ్లకు తేడా తెల్వొద్దు. కని తెలుస్తది. సినిమాల చీకటి సీను వస్తె మొకాలే కనవడయి. ఫొటోలు దిద్దేటోళ్లకైతె ఏ రంగు నిజమో అంతువట్టదు.

ఇంటెల్ మిషన్లల్ల గ్రాఫిక్స్ కమాండ్ సెంటర్ తెరిచి, సిస్టమ్‌ల పవర్‌కు పోయి, ‘ఆన్ బ్యాటరీ’ కింద ‘డిస్‌ప్లే పవర్ సేవింగ్స్’ బంద్ చెయ్యాలె. ఏఎండీల దీని పేరు ‘వేరీ-బ్రైట్’, అడ్రినలిన్ సాఫ్ట్‌వేర్‌ల డిస్‌ప్లే సెట్టింగులల్ల దొరుకుతది. విండోస్ 11ల ఇసొంటిదే ఇంకోటున్నది: సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అక్కడ బ్రైట్‌నెస్ పక్కనున్న బాణం నొక్కితె ‘చేంజ్ బ్రైట్‌నెస్ బేస్డ్ ఆన్ కంటెంట్’ అని వస్తది. అన్ని మిషన్లల్ల ఉండది. ఉండి, అది ‘ఆల్వేస్’ మీద ఉంటె చార్జర్ పెట్టినా ఆట ఆగది, ‘ఆఫ్’ చెయ్యాలె.

బ్రైట్‌నెస్ గీతనే మాయమైందంటె కథ వేరే. డివైస్ మేనేజర్ల డిస్‌ప్లే అడాప్టర్స్ కింద ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ అని ఉంటె అసలు డ్రైవర్ ఎక్కలేదన్నట్టు. లాప్‌టాప్ కంపెనీ సైట్ల మోడల్ కొట్టి, డ్రైవర్ దించుకోని ఎక్కిస్తె సరి.

బ్యాటరీ కొంత మిగులుతది, కాదనను. నాకు మింగుడువడనిది ఒక్కటే: మనల్ని అడగకుండ దాన్ని ఆన్ చేసి అమ్ముడు. కొన్నోని డబ్బాల పెట్టే కాయితంల ఒక్క ముక్క రాస్తె ఏం పోతది? డ్రైవర్ అప్‌డేట్ అయినంక సుత ఒకసారి చూసుకోవాలె, మల్ల ఆన్ అయ్యి ఉండొచ్చు.

ఇగ మిషన్ ఆన్ చేసి బయోస్‌ల ఉన్నప్పుడే తెర మినుకుమన్నా, మూత కదిలిస్తె వెలుతురు మారినా అది డ్రైవర్ పని కాదు. విండోస్ డ్రైవర్ అప్పటికింక లేవనే లేవది. కేబులో, ప్యానెలో చూపించాలె. అప్పుడు దుకాణానికి పోవుడే.