తాడు లాగినా పలకని మందు మిషను

ఈసారి నేను కథ రాయటం లేదు. మా నాయన మందు కొట్టే మిషను ఎందుకు స్టార్టు కాలేదో, మేము దాన్ని ఎట్టా కనిపెట్టామో రాస్తున్నాను. మన బడిలో యానాదులం, ఎరుకలోళ్ళం, సుగాలీలం ఉన్నాము. మనలో చాలామంది ఇళ్ళల్లో నాయనో అన్నో మందు కొట్టే కూలికి పోతారు. అందుకని ఇది అందరికీ పనికొస్తుంది.

మాది చిలకలూరిపేట పక్కన పల్లె. ఇంతకుముందు గుంటూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి పల్నాడు జిల్లా. అంతా నల్లరేగడి, పత్తి, మిరప. 2021-22లో నల్ల తామర పురుగు మిరప పూతని పాడుచేసినప్పుడు మా ఊళ్ళో రైతులు మందు మీద మందు కొట్టించారు. చేతి పంపుతో ఎక్కువ పొలం కొట్టలేమని నాయన పోయిన ఏడాది పాత తైవాన్ పంపు కొన్నాడు. అంటే వీపున మోసే పెట్రోలు మిషను. డబ్బులు ఒక రైతు దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు. ఆ బాకీ కూలిలో తెగాలి. మిషను పలక్కపోతే కూలి లేదు, బాకీ మాత్రం అట్టానే ఉంటది.

సంక్రాంతి సెలవలకి నేను ఇంటికి పోయేసరికి మిషను ఆగి ఐదు రోజులైంది. అమ్మ నాతో “సెలవలు అయినాక కూడా మిరప కోతలకి రా, బాకీ కొంచెం తెగిద్ది” అంది. నాకు ఏడుపొచ్చింది. కానీ ఏడిస్తే ఇంజను పలకదు కదా.

ఇంజనుకి ఏం కావాలి?

మా తాత పొలాల్లో ఎలుకలు పట్టేవాడు. కుండలో గడ్డి కూరి, నిప్పు పెట్టి, బొక్కలోకి పొగ ఊదేవాడు. గడ్డి తడిస్తే పొగ రాదు. నిప్పు ఆరితే రాదు. ఊదకపోతే రాదు. ఇంజను కూడా అంతే. గడ్డి బదులు పెట్రోలు, నిప్పు బదులు ప్లగ్గు నిప్పురవ్వ, ఊదే బదులు లోపలికి వచ్చే గాలి. ఒక్కటి మాత్రం కుండలో లేదు. అది నొక్కుడు. పిస్టను పైకి వచ్చి పెట్రోలు కలిసిన గాలిని గట్టిగా నొక్కాలి. అప్పుడే రవ్వ పడితే పేలుతుంది.

ఇది టూ స్ట్రోక్ ఇంజను. పిస్టను ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోతే పని అయిపోతుంది. నిమిషానికి 6000 సార్లు తిరిగితే సెకనుకి 100 సార్లు రవ్వ పడాలి. ఈ రకం ఇంజనులో గాలీ పెట్రోలూ ముందు పిస్టను కింద ఉన్న గదిలోకి వచ్చి, అక్కడ నుంచి పైకి పోతాయి. ఇంగ్లండులో జోసెఫ్ డే అనే ఆయన 1890ల మొదట్లో ఈ పద్ధతి తెచ్చారు. కింది గదిలో వేరే ఆయిలు ఉండదు కాబట్టి పెట్రోలులోనే ఆయిలు కలపాలి. మా మిషను మీద 25:1 అని ఉంది. అంటే లీటరు పెట్రోలుకి 40 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిలు.

మొదట చెప్పిన మాట

నాయన మిషనుని ఒక షెడ్డుకి తీసుకుపోతే, అక్కడ తాడు ఒకసారి లాగి చూసి “వదులుగా ఉంది, పిస్టను, బోరు పోయినయ్, కొత్తవి వేయాలి” అన్నారు. పది రోజుల కూలి అంత ఖర్చు. నాయన మాట్లాడకుండా ఇంటికి తెచ్చాడు.

నేను నాయన్ని అడిగాను, ఎప్పుడు పలకదు, ఎప్పుడు పలుకుద్ది అని. ఆయన చెప్పింది ఇది. పొద్దున్నే మంచులో ముప్పైసార్లు లాగినా పలకదు. మధ్యాహ్నం ఎండలో పెట్టి లాగితే నాలుగైదుసార్లకి పలుకుద్ది. పలికినాక బాగానే నడుస్తది. పొద్దున పలకనప్పుడు ప్లగ్గు తీసి రంధ్రంలో వట్టి పెట్రోలు మూతతో పోసి లాగుతాడంట. బోరు నిజంగా పోతే పలికినాక కూడా బలం ఉండకూడదు కదా అని నాకు అనుమానం వచ్చింది.

వరసగా చూడాలి

పేటలో ఇంకో ముసలి మెకానిక్ తాత ఉన్నాడు. ఆయన దగ్గరికి పోతే “ఖర్చు లేనివి ముందు చూడు, ఖర్చువి తర్వాత చూడు” అన్నాడు. ఆయన చూపించిన వరస ఇది.

1. స్విచ్చి ఆన్‌లో ఉందా, పెట్రోలు కాకు తెరిచి ఉందా, ట్యాంకు మూతకున్న సన్న రంధ్రం పూడిందా. గాలి లోపలికి పోకపోతే పెట్రోలు కిందికి దిగదు.

2. పెట్రోలు ఎప్పటిది? పోయిన పంటప్పటిది అయితే పారబోయాలి. పాత పెట్రోలు జిగటగా మారి కార్బొరేటర్ జెట్టు పూడుస్తుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది తేమని పీల్చుకుంటుంది. అందుకని పని అయిపోగానే ట్యాంకు ఖాళీ చేయాలి.

3. బాగా లాగినాక ప్లగ్గు తీసి చూడాలి. పొడిగా ఉంటే పెట్రోలు రావటం లేదు. తడిగా ఉంటే పెట్రోలు వస్తుంది, రవ్వ లేదు, లేకపోతే పెట్రోలు మరీ ఎక్కువైంది. నల్లగా మసి ఉంటే పెట్రోలో ఆయిలో ఎక్కువ. తెల్లగా ఉంటే గాలి ఎక్కువ. ఇటుక రంగు ఉంటే మంచిది. ప్లగ్గు సందు 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు ఉండాలి. హ్యాక్సా బ్లేడు పళ్ళు లేని వైపు దాదాపు అంత మందం ఉంటది.

4. ప్లగ్గుకి టోపీ తగిలించి, దాని ఇనుప ఒంటిని ఇంజనుకి ఆనించి తాడు లాగితే నీలం రవ్వ కనిపించాలి. ఇది పెద్దవాళ్ళే చేయాలి. ట్యాంకు మూత బిగించి, ప్లగ్గు రంధ్రానికి దూరంగా, ఆరుబయట చేయాలి.

5. ప్లగ్గు బిగించి తాడు మెల్లగా లాగితే ఒకచోట బిగుసుకోవాలి. అదే నొక్కుడు.

మా మిషనుకి 1 నుంచి 4 దాకా బాగానే ఉన్నాయి. అయిదో దగ్గర వదులు. తాత ప్లగ్గు రంధ్రంలో అర చెంచా ఆయిలు వేసి నాలుగుసార్లు లాగాడు. తాడు బిగుసుకుంది! ఆయిలు వేస్తే బిగుసుకుందంటే రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి రింగు అరగటం. రెండోది నాయన పోసిన వట్టి పెట్రోలు బోరు మీద ఆయిలు పొరని కడిగేయటం. ఏదో తెలియాలంటే వట్టి పెట్రోలు పోయటం మానేసి, సరిగ్గా కలిపిన పెట్రోలుతో నడిపి మళ్ళీ చూడాలి.

అసలు తప్పు

అప్పుడు తాత కార్బొరేటర్ వైపు వేలు పెట్టి “దీని మూతి ఏది?” అన్నాడు. చూస్తే ఫిల్టరు డబ్బా లేదు. మాకు అమ్మినాయన గాలి ఎక్కువ కొట్టాలని దాన్ని పీకేశాడంట. మా మిషనుకి చోకు రేకు ఆ డబ్బాలోనే ఉంటది. డబ్బాతోపాటు చోకు కూడా పోయింది!

ఇంజను చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు. చోకు మూస్తే గాలి తగ్గి పెట్రోలు ఎక్కువ వస్తుంది, అప్పుడు అంటుకుంటుంది. చోకు లేదు కాబట్టి మంచులో పలకలేదు, ఎండలో పలికింది. పలకలేదని వట్టి పెట్రోలు పోస్తే నొక్కుడు తగ్గింది, ఇంకా పలకలేదు. పైగా ఫిల్టరు లేకపోతే రేగడి దుమ్ము నేరుగా లోపలికి పోయి రింగుని అరగదీస్తుంది.

పాత సామాన్ల కొట్లో డబ్బా, స్పాంజీ దొరికినయ్. మర్నాడు పొద్దున్నే మంచులో చోకు మూసి లాగితే మూడో లాగుడికి పలికింది. కానీ నల్ల పొగ, ప్లగ్గు నల్లన. ఎందుకంటే డబ్బా పీకినాయన గాలి ఎక్కువైందని జెట్టుని కూడా తీగతో పెద్దది చేశాడు. కొత్త జెట్టు వేస్తే పొగ తగ్గింది. వారం తర్వాత చూసినా తాడు బిగువు తగ్గలేదు. పిస్టను మార్చలేదు. అయిన ఖర్చు ఒకరోజు కూలి కన్నా తక్కువ.

సైన్సు మేడమ్‌కి చెప్తే గో-కార్టు అనే చిన్న పందెం బండి గురించి చెప్పారు. 1956లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అనే ఆయన గడ్డి కోసే మిషను ఇంజను పెట్టి మొదటిది కట్టారంట. ఆ బండ్లకి కూడా వేగం కోసం ఫిల్టరు, జెట్టు, సైలెన్సర్ మారుస్తారు. ఒకటి మారిస్తే మిగతావి కూడా సరిచూడాలి, లేకపోతే స్టార్టింగు దగ్గరే మొరాయిస్తుంది.

జాగ్రత్తలు: మిషను ముట్టుకునే ముందు మందు ట్యాంకు కడగాలి, తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి. వేడి ఇంజనులో పెట్రోలు పోయరాదు. గదిలో స్టార్టు చేయరాదు, ఆ పొగ ప్రాణం తీస్తుంది.

నాయనకి చదువు రాదు. అందుకని ట్యాంకు మీద పెయింటుతో నాలుగు బొమ్మలు వేశాను. మూత, పెట్రోలు చుక్క, ప్లగ్గు, చోకు. పలక్కపోతే ఆ వరసలో చూడమని చెప్పాను. సెలవలు అయినాక నాయనే నన్ను బస్సు ఎక్కించాడు. “కోతలకి మేం పోతాంలే, నువ్వు బడికి పో” అన్నాడు. మీ ఇంట్లో మిషను మొరాయిస్తే మీరు కూడా ముందు అడగండి, ఎప్పుడు పలకదు, ఎప్పుడు పలుకుద్ది అని.

ఇట్లు,
మీ సోదరి,
9వ తరగతి