వెలుతురు తోస్తుందా?

"గాలి తోస్తుంది, నీళ్లు తోస్తాయి. మరి టార్చిలైటు వెలుతురు చేతిమీద పడితే ఎందుకు తోయదు?" అని ఒక పాప అడిగింది. చక్కటి ప్రశ్న. నిజానికి వెలుతురూ తోస్తుంది, మన చేతికి తెలియనంత మెల్లగా.

ఎలాగంటే, గోడకేసి కొట్టిన బురదముద్ద తన ఊపంతా గోడకిచ్చి అక్కడే అతుక్కుపోతుంది. అంతే బరువున్న బంతి అంతే వేగంతో తగిలి వెనక్కి వచ్చిందనుకోండి, అప్పుడు గోడకు తగిలే తోపు దాదాపు రెట్టింపు. ఆగడానికీ, తిరిగి బయల్దేరడానికీ గోడే ఊతం కదా! వెలుతురుకు బరువు లేదు గానీ ఊపు (ద్రవ్యవేగం) ఉంది. నల్లగుడ్డ మీద పడితే ముద్దలా ఆగిపోతుంది. అద్దం మీద పడితే బంతిలా వెనుదిరిగి రెట్టింపు తోస్తుంది.

ఎంత తోస్తుంది? చిత్తూరు పక్క ఎకరా చెనిక్కాయ చేను మీద మిట్టమధ్యాహ్నం పడే ఎండంతా కలిసి నేలను నొక్కేది సుమారు గ్రామున్నర బరువుతో. అంటే మూడు నాలుగు విత్తనాలంత! ఆకులు కదిలించే చిరుగాలి కూడా అంతకు లక్ష రెట్లకు పైగా తోస్తుంది.

అందుకే మాక్స్‌వెల్ అనే శాస్త్రవేత్త ఈ తోపును 1873లోనే లెక్కకట్టి చెప్పినా, కొలిచి చూపడానికి పాతికేళ్లు దాటింది. రష్యాలో లెబెదేవ్ అనే శాస్త్రవేత్త గాజుబుడ్డిలోంచి గాలి తోడేసి, సన్నని తీగకు పలచటి రేకులు వేలాడదీసి, వాటిమీద వెలుతురు పడనిచ్చి తీగ ఎంత మెలిపడుతోందో చూశాడు. బుడ్డిలో మిగిలిన కాస్త గాలి వేడెక్కినా అదే రేకుల్ని తోసేస్తుంది, లెక్క తప్పుతుంది. ఆ చిక్కును దాటి 1900లో ఫలితం ప్రకటించిన ఆయన ఓపికకు దండం పెట్టాలి.

గాలే లేని అంతరిక్షంలో ఈ తోపును పట్టించుకోక తప్పదు. ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్న శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న వెళ్లిన ఆదిత్య-ఎల్1 అంతరిక్షనౌక, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో రేయనక పగలనక ఎండలోనే ఉంటోంది. తోపు చిన్నదే అయినా క్షణం ఆగదు, రోజురోజుకూ కూడుతుంది. కక్ష్య లెక్కల్లో దాన్నీ కలుపుకోవాల్సిందే.

అంతకుముందు 1992, 1993లలో పంపిన ఇన్‌శాట్-2ఎ, 2బి ఉపగ్రహాలకు సౌరఫలకాలు ఒకవైపే ఉండేవి. వాతావరణ కెమెరాను చల్లబరచడానికి రెండోవైపు ఖాళీగా వదలాలి మరి. ఎండ ఒకవైపే తోస్తే ఉపగ్రహం తిరిగిపోతుంది. అందుకని రెండోవైపు పొడవాటి కాడ చివర ఒక తెరచాప కట్టారు. ఎండ దాన్నీ తోసేది, రెండువైపులా సరిపోయేది. అప్పట్లో మేఘాల బొమ్మలు మనకు పంపింది ఇలాంటి ఉపగ్రహాలే.