తొమ్మిది పౌండ్ల పలకరింపు

‘బ్రేకర్ వన్-నైన్, ముందు ఎలుగుబంట్లు ఉన్నాయా?’

1970ల్లో అమెరికా హైవే మీద లారీ డ్రైవరు మైకు నొక్కి ఇలా అడిగితే, పంతొమ్మిదో ఛానల్ వింటున్నవాళ్లందరికీ విషయం అర్థమయ్యేది. ఎలుగుబంటి అంటే పోలీసు. అడవికి నిప్పు పెట్టొద్దని అక్కడి అటవీ శాఖ ప్రచారం చేయించే స్మోకీ అనే బొమ్మ ఎలుగుబంటి టోపీ, హైవే పోలీసుల టోపీ ఒకే తీరుగా ఉంటాయి మరి!

సిటిజన్స్ బ్యాండ్, అంటే సీబీ రేడియో, 27 మెగాహెర్ట్జ్ దగ్గర 1958 నుంచే ఉంది. దాన్ని లారీ క్యాబిన్లలోకి ఎక్కించింది మాత్రం చమురు సంక్షోభం. 1973 చివర్లో డీజిల్‌కు కటకట వచ్చింది. 1974 జనవరిలో అధ్యక్షుడు నిక్సన్ వేగ పరిమితిని గంటకు 55 మైళ్లకు దించే చట్టంపై సంతకం పెట్టారు. మైలు లెక్కన కూలి తీసుకునేవాడికి రెండూ దెబ్బే. డీజిల్ ఎక్కడ దొరుకుతుందో, రాడార్ ఎక్కడ పొంచి ఉందో ఒకరికొకరు చెప్పుకోవడం మొదలైంది. రాడార్ పట్టుకున్నవాడు ‘ఫొటోలు తీస్తున్న ఎలుగు’, హెలికాప్టర్ ‘గాల్లో ఎలుగు’, లారీల తూకం కేంద్రం ‘కోళ్ల గూడు’, రోడ్డు మీద ఊడిపడ్డ టైరు ముక్క ‘మొసలి’. పోలీసులూ అదే సెట్టు కొనుక్కుని వినొచ్చు కాబట్టి ఇందులో రహస్యం తక్కువ, సరదా ఎక్కువ. పైగా ‘సరే’ అనడానికి వాడే టెన్-ఫోర్ 1930ల చివర్లో ఇల్లినాయ్ పోలీసు రేడియోలో పుట్టిన సంకేతమే!

అసలు వినోదం సిగ్నల్ లెక్కలో ఉంది. ‘రేడియో చెక్’ అని అడిగితే అవతలివాడు తన మీటరు చూసి ‘తొమ్మిది పౌండ్లు కొడుతున్నావు’ అంటాడు. పౌండు ఇక్కడ బరువు కాదు, ఎస్-మీటరు మీద ఒక గీత. లెక్క ప్రకారం గీతకూ గీతకూ మధ్య తేడా ఆరు డెసిబెల్స్, అంటే శక్తిలో నాలుగింతలు. చట్టం ఒప్పుకునే నాలుగు వాట్లను పదహారు చేసినా అవతల ముల్లు జరిగేది ఒక్క గీతే. అయినా దొంగ యాంప్లిఫయర్లు తగిలించుకునేవాళ్లకు కొదవ లేదు. అవి లేనివాడు ‘ఉత్త కాళ్లతో’ మాట్లాడుతున్నట్టు లెక్క.

ఇంతా చేసి చాలా సెట్లలో ఆ ముల్లును నమ్మలేం. ఒకదానిలో ఏడు చూపే సిగ్నల్ మరోదానిలో తొమ్మిది దాటుతుంది. అందుకే పౌండ్లలో కొలత కొంత, మర్యాద కొంత. ‘గోడ నుంచి గోడదాకా, చెట్టంత ఎత్తున వినిపిస్తున్నావు’ అనేది అచ్చంగా మర్యాదే.

1976 జనవరికి సీబీ యాసతో నిండిన ‘కాన్వాయ్’ పాట అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. అప్పటి అధ్యక్షుడి భార్య బెట్టీ ఫోర్డ్ ‘ఫస్ట్ మామా’ అనే మారుపేరుతో మైకు పట్టారు. రద్దీ తట్టుకోలేక 1977లో ఛానళ్లను 23 నుంచి 40కి పెంచారు.

రద్దీకి సూర్యుడూ తోడయ్యేవాడు. సుమారు పదకొండేళ్లకోసారి సూర్యుడి మచ్చలు పెరిగినప్పుడు ఈ తరంగాలు వాతావరణం పైపొర అయిన అయనోస్ఫియర్‌ను తాకి వేల కిలోమీటర్ల అవతల దిగుతాయి. పక్క ఊరి లారీ వినబడదు, ఖండం చివర ఉన్న అపరిచితుడు తొమ్మిది పౌండ్లతో మోగుతాడు. అతనికి బదులివ్వడం అప్పట్లో నేరం. 250 కిలోమీటర్లు దాటి మాట్లాడకూడదన్న ఆ నిబంధనను అమెరికా 2017లో గానీ ఎత్తేయలేదు.