మణికట్టు గడియారము – గుండె లెక్క

తెల్లవారుజామున దుర్గం చెరువు తీగల వంతెనపై నిలిచి చూచినచో మాదాపూరు, గచ్చిబౌలి, కొండాపూరుల నుండి వచ్చి నడచువారు, పరుగెత్తువారు అనేకులు కనిపింతురు. వారిలో పెక్కుమంది మాటిమాటికి మణికట్టు వంక చూచుకొనుచుందురు. వారు చూచునది వేళ కాదు. తమ గుండె నిముషమునకు ఎన్నిమార్లు కొట్టుకొనుచున్నదో తెలుపు అంకెను. ఆ అంకెను చూచి వేగము పెంచువారు కలరు. భయపడి ఆగిపోవువారును కలరు. ఇంతకు ఆ అంకె ఎంతవరకు నమ్మదగినది? ఎదకు కట్టుకొను పట్టీ దీనికంటె మేలని ఏల చెప్పుదురు? ఈ విషయమును కొంత విచారింతము.

ఇది వట్టి వేడుక సంగతి కాదు. 1998 నవంబరులో సైబర్ టవర్సు ప్రారంభమైనది మొదలు ఈ ప్రాంతమున కూర్చుండి చేయు ఉద్యోగములు పెరుగుచు వచ్చినవి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు హైదరాబాదులోని ఐటీ ఉద్యోగులను పరిశీలించి 2023లో ఫలితములను ప్రకటించిరి. బొజ్జ, రక్తపోటు, రక్తములో చక్కెర, క్రొవ్వుల తేడాలు కొన్ని ఒక్కచోట చేరియుండు స్థితి వారిలో దాదాపు సగము మందికి కలదని తేలినది. అట్టివారు నేడు ఆరోగ్యమునకై పరుగునకు దిగుచున్నారు. వారికి గుండె లెక్క తప్పుగా తెలియుట మంచిది కాదు.

నాడి చూచుట మనకు క్రొత్త విద్య కాదు. తెలుగునాట ప్రసిద్ధమైన బసవరాజీయమున నాడీపరీక్షకు పెద్దపీట వేయబడినది. అయితే పూర్వవైద్యులు ముఖ్యముగా నాడి నడక తీరును గ్రహించెడివారు. దానిని గడియారముతో లెక్కించుట తరువాతి మాట. ఇంగ్లండులో జాన్ ఫ్లాయరను వైద్యుడు సరిగా ఒక నిముషము నడచు గడియారమును చేయించి, నాడీ గణనమును గూర్చి 1707లో గ్రంథము ప్రకటించెను.

నేటి సాధనములు రెండును ఒకే గుండెను లెక్కించినను, అవి లెక్కించునది ఒకే వస్తువును కాదు. గుండె ముడుచుకొనుటకు ముందు దానిలో సన్నని విద్యుత్ ప్రవాహము పుట్టును. ఆసుపత్రిలో ఈసీజీ యంత్రము గీయునది దానినే. ఎద పట్టీలోని రెండు తడి స్పర్శకములు చర్మముపై ఆ విద్యుత్తునే పట్టుకొనును. ప్రతి స్పందనకు ఒక నిటారైన శిఖరము వచ్చును. శిఖరమునకు శిఖరమునకు నడుమ కాలమును కొలిచినచో లెక్క తేలును. ఫిన్లండు దేశపు పోలార్ సంస్థ ఇట్టి తీగలేని పట్టీని 1982లోనే క్రీడాకారులకు అందించినది.

గడియారము త్రోవ వేరు. దాని అడుగున ఆకుపచ్చని దీపములు మిణుకుమిణుకు మనుచుండును. రక్తములోని ఎఱ్ఱని పదార్థము ఆకుపచ్చని కాంతిని బాగుగా పీల్చుకొనును. గుండె కొట్టినప్పుడు మణికట్టున రక్తము పొంగి, వెనుకకు వచ్చు కాంతి తగ్గును. పొంగు తీయగానే కాంతి పెరుగును. ఈ హెచ్చుతగ్గులను లెక్కించి గడియారము అంకె వేయును. అనగా పట్టీ గుండె పలుకును నేరుగా వినుచున్నది. గడియారము దూరమునకు చేరిన అలను చూచి ఊహించుచున్నది.

కదలక కూర్చున్నప్పుడు ఈ ఊహ చాలవరకు సరిపోవును. చేతులు ఊపుచు పరుగెత్తునప్పుడు చిక్కు వచ్చును. చేయి ఊగిన ప్రతిమారు గడియారము జరుగును, రక్తము కదలును, వెలుతురు లోనికి చొరబడును. మేము ఒకనాడు రెండు సాధనములను ధరించి ఆ వంతెనపై మెల్లగా పరుగెత్తితిమి. గడియారము 168 అని చూపెను; పట్టీ 141 అని చూపెను. అడుగులు లెక్కించుకొనగా అర నిముషమునకు 84 వచ్చినవి. అనగా నిముషమునకు 168! గడియారము గుండెను విడిచి మా కాళ్లను లెక్కించుచున్నదన్న మాట. ఆగిన వెంటనే మణికట్టున వ్రేళ్లుంచి 15 సెకనులు లెక్కింపగా 35 స్పందనలు వచ్చినవి. నాలుగుచే గుణించిన 140. పట్టీ మాటయే నిజమైనది.

ఒక్కరి అనుభవము శాస్త్రము కాజాలదు. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు 50 మందిని ఈసీజీతో సరిపోల్చి 2017లో ఫలితములు ప్రచురించిరి. సంపూర్ణమైన పొందికకు 1 అని పెట్టుకొన్నచో పట్టీకి 0.99, మణికట్టు సాధనములకు 0.83 మొదలు 0.91 వరకు వచ్చినవి. అదే యేట స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు 60 మందిపై ఏడు సాధనములను పరీక్షింపగా, ఆరు సాధనములు గుండె లెక్కలో 5 శాతము లోపు తప్పునే చేసినవి. కాని ఖర్చయిన కేలరీల లెక్కలో మిక్కిలి మేలైనది కూడ 27 శాతము తప్పినది! చామనచాయ, నలుపు చర్మములపై ఈ కాంతి సరిగా పనిచేయదేమోయను అనుమానము మనవంటివారికి సహజము. డ్యూక్ విశ్వవిద్యాలయమువారు 53 మందిని పరీక్షించి 2020లో ప్రకటించినదానిని బట్టి, చర్మపు రంగు వలన చెప్పుకోదగిన తేడా కనబడలేదు. కదలిక వలన మాత్రము, విశ్రాంతిలోకంటె తప్పు సగటున 30 శాతము పెరిగినది.

పట్టీకిని లోపములు లేకపోలేదు. స్పర్శకములు పొడిగా నుండినను, పట్టీ వదులైనను అది తబ్బిబ్బు పడును. తడిపి, రొమ్ము క్రింద బిగువుగా కట్టవలెను. గడియారమునైనచో మణికట్టు ఎముకకు ఒక అంగుళము పైన, జారకుండునంత బిగువుగా ధరించి, పరుగునకు ముందు కొంచెము నడచి ఒడలు వెచ్చబరచుకొనవలెను. నడకకు, నిద్రకు, విశ్రాంతికి గడియారము చాలును. వేగము మార్చి మార్చి పరుగెత్తువారికి, వంతెనలెక్కి దిగుచు సాగు హైదరాబాదు మారథానునకు సాధన చేయువారికి పట్టీ మేలు.

అంకె సరియైనదే అయినను దాని అర్థము మనిషిని బట్టి మారును. 220 నుండి వయస్సు తీసివేసినచో గరిష్ఠ వేగము వచ్చుననునది ఉజ్జాయింపు మాత్రమే. నలుబది ఏండ్లవానికి అది 180. అందులో 115 మొదలు 137 వరకు మధ్యరకపు శ్రమ. రక్తపోటునకు బీటా బ్లాకరు మందులు వాడువారి గుండె ఈ లెక్కకు లోబడదు.

కడపట ఒక్క మాట. అంకె హెచ్చి, ఒడలు హాయిగా ఉన్నప్పుడు భయపడక ఆగి, వ్రేళ్లతో నాడి చూచుకొనుడు. అంకె ఎంత చల్లగా ఉన్నను, ఎదలో నొప్పి, ఎడమచేతికో దవడకో ప్రాకు బాధ, ఊపిరాడకపోవుట, చెమట, కన్నులు తిరుగుట కలిగినచో గడియారమును నమ్మి పరుగు సాగింపకుడు. వెంటనే ఆగి 108కి కబురు పంపుడు. గుండె తానై చెప్పుచున్నప్పుడు మణికట్టునడుగుట తగదు.