సుళాది

సుళాది కర్ణాటక సంగీతములోని ఒక ప్రాచీన రచనా ప్రక్రియ. ఒకే రచనలోని వేర్వేరు ఖండములు వేర్వేరు తాళములలో నడచుట దీని ముఖ్య లక్షణము. 'సాలగసూడము' అను ప్రాచీన ప్రబంధ వర్గమునుండి ఈ పేరు పుట్టినదని సంగీత శాస్త్రజ్ఞుల అభిప్రాయము. కన్నడ హరిదాసులు ఈ ప్రక్రియను విరివిగా వాడిరి. వారిలో సుళాదులకు మిక్కిలి ప్రసిద్ధుడు విజయదాసు (1682–1755).

చిప్పగిరితో సంబంధము

విజయదాసు రాయచూరు జిల్లా మాన్వి తాలూకాలోని చీకలపర్విలో జన్మించెను. పురందరదాసు స్వప్నమున దర్శనమిచ్చి అంకితము ప్రసాదించెనని సంప్రదాయము చెప్పుచున్నది. ఈయన ముద్ర 'విజయవిఠల'. ఉత్తనూరు గోపాలదాసు ఈయన శిష్యులలో ఒకడు. విజయదాసు 1755లో కర్నూలు జిల్లా పశ్చిమ భాగమున, గుంతకల్లుకు సమీపములో ఉన్న చిప్పగిరిలో పరమపదించెను. ఏటా కార్తీక శుద్ధ దశమినాడు అక్కడ ఆరాధన జరుగును.

నిర్మాణము

సుళాదిలో వాడు ధ్రువ, మఠ్య, రూపక, ఝంప, త్రిపుట, అట, ఏక తాళములకు 'సుళాది సప్త తాళములు' అని పేరు. ఆది తాళము కూడ తరచుగా కనిపించును. అన్ని తాళములూ ఒకే రచనలో ఉండవలెనను నియమము లేదు. చివర 'జతె' అను చిన్న ముక్తాయింపు ఉండును. అందులో విషయసారము, కవి ముద్ర వచ్చును.

రచన నేర్చుకొనుట

సుళాది వ్రాయదలచినవారు ముందుగా సప్త తాళ అలంకారములను, పిమ్మట గీతములను సాధన చేయవలెను. అక్షరముల మొత్తమును లెక్కించుట మాత్రమే చాలదు. ఉదాహరణకు, ధ్రువ తాళమునకు 14 అక్షరములు, అట తాళమునకు కూడ 14 అక్షరములే. కాని ధ్రువము 4, 2, 4, 4గా, అటతాళము 5, 5, 2, 2గా విభాగమగును. అట్లే మఠ్యము (4, 2, 4), ఝంపతాళము (7, 1, 2) రెండును 10 అక్షరములవే. కనుక ఒక తాళమున చక్కగా ఒదిగిన పాదము రెండవదానిలో విరిగిపోవును. పదము ఎక్కడ మొదలై ఎక్కడ ఆగవలెనో చేతితో తాళము వేయుచు సరిచూచుకొనవలెను.

స్వరలిపి

రచనను కాగితముపై నిలుపుటకు తెలుగులో వాడుకలోనున్న పద్ధతి ఇది:

* హ్రస్వ స్వరము (స, రి, గ) ఒక అక్షర కాలము, దీర్ఘము (సా, రీ, గా) రెండు అక్షర కాలములు.
* కామా ఒక అక్షర కాలము, సెమికోలను రెండు అక్షర కాలములు పొడిగింపు.
* పై స్థాయికి స్వరముపైన, క్రింది స్థాయికి స్వరముక్రింద చుక్క.
* స్వరములపై ఒక గీత ఉన్నచో రెండవ కాలము, రెండు గీతలున్నచో మూడవ కాలము.
* తాళాంగము చివర ఒక నిలువు గీత, ఆవర్తము చివర రెండు నిలువు గీతలు.

రూపక తాళములో (2, 4) ఒక ఆవర్తము ఇట్లుండును:

స రి | గ మ ప , ||

సాహిత్యమును ప్రతి స్వరము క్రింద దాని అక్షరము వచ్చునట్లు వ్రాయవలెను. గమకములకు ప్రత్యేక గుర్తులు కావలెను. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయాపురమునుండి తెలుగులో ప్రకటించిన సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో ఇట్టి గుర్తులను విపులముగా వాడిరి.

వరుసల సమస్య

విజయదాసు సుళాదుల సాహిత్యము, తాళముల పేర్లు నిలిచినవి. వరుసలు మాత్రము గురుముఖముననే సాగినందున మూల రూపమున దక్కలేదు. ఇందుకు భిన్నముగా, స్వరసహితముగా వ్రాసిపెట్టిన కొన్ని ప్రాచీన సుళాదులు తంజావూరు సరస్వతీ మహలు గ్రంథాలయపు వ్రాతప్రతులలో మిగిలినవి. 18వ శతాబ్దపు తంజావూరు రాజు తుళజాజీ తన సంగీత సారామృతములో రాగలక్షణములను చూపుటకు సుళాదుల భాగములను ఉదాహరించెను. అందువలన పాత రాగముల స్వరూపమును తెలిసికొనుటకు అవి నేటికిని ఆధారములు.

నేడు దాసుల సుళాదులకు గాయకులు కొత్త వరుసలు కట్టి పాడుచున్నారు. ఇట్టి వరుసను కట్టినవారు దానిని స్వరలిపిలో వ్రాసి, తమ పేరును, సంవత్సరమును చేర్చుట మంచిది. లేనిచో కొంత కాలమునకు కొత్త వరుసయే పాతదిగా చెలామణి యగును, లేదా అదియు పాతవానివలెనే మరుగున పడును.