ముక్కుకు కాపలా కాసే కొబ్బరి చిప్ప

ఎపాక్సీ రెసిన్‌తో బల్లలు, బొమ్మలు పోసేచోట కొందరు ముక్కుకు సర్జికల్ మాస్కు కట్టుకుని కనిపిస్తారు. ఆవిరి విషయంలో అది ఉన్నా లేనట్టే. ఎన్95 కూడా అంతే. నలుసుల్ని పట్టడంలో దానికి మంచి పేరే ఉంది గానీ, ఆవిరి అణువులు గాలితోపాటే దాని పోగుల సందుల్లోంచి లోపలికి వచ్చేస్తాయి. వాటిని ఆపాలంటే రెండు బుగ్గల పక్కనా గుండ్రటి డబ్బాలున్న రబ్బరు మాస్కు కావాలి. ఆ డబ్బాల్లో ఉండేది బొగ్గు.

1854లో జాన్ స్టెన్‌హౌస్ అనే స్కాట్లాండ్ రసాయనవేత్త, కుళ్లు వాసనలను బొగ్గు లాగేసుకుంటుందని గమనించాడు. రెండు తీగ వలల మధ్య కర్రబొగ్గు పొడి కూరి, ముక్కూ నోరూ కప్పే మాస్కు తయారుచేశాడు. 1870లలో జాన్ టిండాల్ దానికి గ్లిజరిన్‌లో తడిపిన దూదినీ సున్నాన్నీ జతచేసి, పొగలోకి వెళ్లే అగ్నిమాపక సిబ్బంది కోసం మరో మాస్కు రూపొందించాడు. బొగ్గు మాస్కు అవసరం పెద్దఎత్తున వచ్చిపడింది మొదటి ప్రపంచ యుద్ధంలో.

1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం క్లోరిన్ వదిలింది. ఎదుటివైపు సైనికులకు మొదట దక్కినవి రసాయనంలో ముంచిన గుడ్డపట్టీలే. డిసెంబరుకల్లా అక్కడికే ఫాస్జీన్ అనే మరో విషవాయువు కూడా వచ్చిపడింది. విషం మారినప్పుడల్లా పట్టీలో ముంచే మందు మార్చుకుంటూ పోయేదాకా యుద్ధం ఆగి చూస్తూ ఉండదు కదా! రష్యాలో నికొలాయ్ జెలిన్‌స్కీ అదే ఏడాది వేరే దారి పట్టాడు. ఒక్కో విషానికి ఒక్కో విరుగుడు వెతకడం మానేసి, రకరకాల విషాలను పట్టి ఉంచే ఉత్తేజిత బొగ్గును డబ్బాలో నింపాడు. కుమ్మాంత్ అనే ఇంజనీరు దానికి రబ్బరు ముసుగు తగిలించాడు. మరుసటి ఏడాది బ్రిటన్ సైన్యానికీ బొగ్గు డబ్బా మాస్కు అందింది.

ఉత్తేజితం అంటే, మామూలు బొగ్గును మళ్లీ బాగా కాల్చి, దాని మీదుగా నీటి ఆవిరి పంపి, కంటికి కనబడని రంధ్రాలు తొలిచింది. అలాంటి బొగ్గు ఒక్క గ్రాములో లోపలి గోడలన్నీ పరిస్తే సుమారు 1,000 చదరపు మీటర్లు, అంటే పావు ఎకరం. రంధ్రంలో దూరిన ఆవిరి అణువు ఆ గోడకు అంటుకుని ఉండిపోతుంది. ఇంత సన్నటి రంధ్రాలకు గట్టి ముడిసరుకు కావాలి. కొబ్బరి చిప్పను మించింది దొరకడం కష్టం. 1918లో అమెరికాలో చిప్పలు చాలక, పీచ్ పండ్ల టెంకలు దాచి ఇమ్మని జనాన్ని బతిమాలుకున్నారు. మన ఇళ్లలో పొయ్యి కిందికి పోయే చిప్ప విలువ అది!

ఎపాక్సీ ఆ తర్వాత పుట్టింది. 1930లలో జర్మనీలో పాల్ ష్లాక్, స్విట్జర్లాండ్‌లో పియరీ కాస్టాన్ దానికి దారి వేశారు. 1946లో అరాల్డైట్ పేరుతో అది జనం ముందుకొచ్చింది. ఇందులో రెసిన్‌నూ, దాన్ని గట్టిపరిచే హార్డెనర్‌నూ కలుపుతారు. రెసిన్‌కు పెద్దగా వాసన ఉండదు, అదే ప్రమాదం. వాసన లేదు కాబట్టి హాని లేదనిపిస్తుంది. హార్డెనర్‌లోని అమైన్లు అనే రసాయనాలు గొంతునూ కళ్లనూ మండిస్తాయి. కొన్ని అమైన్ల ఆవిరి తగిలితే చూపు నీలిగా మసకబారి, దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తాయి. కొన్ని గంటలకు అది తగ్గిపోవచ్చు గానీ, హార్డెనర్ చుక్క కంట్లో పడితే అలా ఉండదు. అది క్షారం, కంటిపొరను తొలుచుకుంటూ లోపలికి దిగుతుంది. వెంటనే కనీసం పదిహేను నిమిషాలు నీళ్లతో కడిగి, డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

అందుకే మామూలు కళ్లజోడు చాలదు, ముఖానికి అతుక్కునే గాగుల్స్ ఉండాలి. వాటి అద్దం సాధారణంగా పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్. 1953లో బేయర్‌లో హెర్మన్ ష్నెల్, జనరల్ ఎలక్ట్రిక్‌లో డేనియల్ ఫాక్స్ ఎవరికి వారే దాన్ని కనిపెట్టారు. దాన్ని చేసే ఒక ముఖ్య పద్ధతిలో ప్రధాన ముడిసరుకులు రెండు: బిస్‌ఫినాల్-ఏ, ఫాస్జీన్. మొదటిది ఎపాక్సీకీ ముడిసరుకే. రెండోది ఈప్ర్‌లో సైనికుల ఊపిరి తీసిన వాయువే. మంచీ చెడూ అణువుల్లో వెతకడం దండగ అనిపిస్తుంది.

మాస్కు తొడుక్కోగానే డబ్బాల నోళ్లు అరచేతులతో మూసి మెల్లగా గాలి పీల్చాలి. రబ్బరు ముఖం మీదికి ముడుచుకుని అలాగే నిలిస్తే సరిగ్గా కూర్చున్నట్టు. గడ్డం ఉన్నవాళ్లకు అంచుల దగ్గర గాలి దూరుతుంది. ఇక బొగ్గుకు ఆకలి ఆగదు. పని అయ్యాక బల్ల మీద వదిలేస్తే గదిలోని తేమనూ ఆవిరినీ పీలుస్తూనే ఉండి, వాడకుండానే నిండిపోతుంది. గాలి చొరని సంచిలో మూసిపెట్టాలి. నిండిన సంగతి అది చెప్పదు కాబట్టి గడువు లెక్క మనమే పెట్టుకోవాలి. రుద్దుడు పనిలో లేచే ధూళిని బొగ్గు ఆపలేదు, దాని మీద నలుసుల ఫిల్టరు బిగించాలి. పైకి గట్టిపడినట్టు కనిపించినా లోపల పూర్తిగా ఆరని ఎపాక్సీ ధూళి చర్మానికి ఎలర్జీ తెస్తుంది.

మామూలు బొగ్గు అమోనియానూ చిన్న అమైన్లనూ అంతగా పట్టుకోలేదు. వాటి కోసం లోహ లవణాలు పట్టించిన వేరే బొగ్గు ఉంటుంది. అమెరికా పద్ధతిలో సేంద్రియ ఆవిరులకు నలుపు పట్టీ, యూరప్‌లో గోధుమరంగు, అమోనియాకు రెండుచోట్లా ఆకుపచ్చ. హార్డెనర్ డబ్బాతో వచ్చే భద్రతా పత్రంలో ఏ రకం కావాలో రాసి ఉంటుంది. ముందు అది చదివి, తర్వాత కొట్టుకి వెళ్లాలి.