పాడి ఆవు మేత – జీర్ణశక్తి

కృష్ణా గోదావరీ డెల్టాలలో వరి పండించు సభ్యుల యిండ్ల పాడి ఆవునకు ముఖ్యాహారము వరిగడ్డియే. వామి నిండుగా నున్నంతకాలము మేతకు లోటు లేదని తలంచుట వాడుక. కాని ఆవు కడుపు నిండుట వేరు. తిన్నది జీర్ణమై పాలగుట వేరు.

ఆవు కడుపు నాలుగు అరలు గలది. మొదటి అర మిక్కిలి పెద్దది. అందు కోట్లకొలది సూక్ష్మజీవులు వసించుచు, పీచును పులియబెట్టి ఆవునకు బలమిచ్చు ఆమ్లములుగా మార్చుచున్నవి. పాలలోని వెన్నకు మూలము చాలవరకు నీ పీచే. కావున మన మిచ్చు మేత మొదట నీ సూక్ష్మజీవులకే చెందునని యెరుంగవలెను. వీనికి మాంసకృత్తులు చాలనియెడల పని మందగించును. వరిగడ్డియందు మాంసకృత్తులు నూటికి 3, 4 పాళ్లు మాత్రమే, సిలికా హెచ్చు. అందలి ఆక్సలేటులు సున్నపుధాతువును ఒంటబట్టనీయవు. అందుచే ఉత్తగడ్డి కడుపులో చిరకాలము నిలువ, ఆవు తిండి తగ్గి, పాలును తగ్గును.

వరికోత పిమ్మట చల్లు పిల్లిపెసర, జనుము ఈ లోటును తీర్చును. అయినను ఇందొక హెచ్చరిక కలదు. ఒకప్పుడు మేమొక రైతునకు పిల్లిపెసర మేపుమని చెప్పితిమి. ఎట్లు మేపవలెనో చెప్పమైతిమి. ఆయన తెల్లవారుజామున మంచుతో తడిసిన లేతమేతను కోసి, ఆకలిగొన్న ఆవు ముందు వేసెను. రెండుగంటలలో ఎడమడొక్క మద్దెలవలె బిగిసెను. వైద్యుడు వచ్చులోపల ఆవు చనిపోయెను. ఆయన మమ్ము ఒక్కమాట యనలేదు. ఆ తప్పు మాది. నాటినుండి ఈ క్రింది సంగతులు చెప్పక యే గ్రామమును విడువము.

పచ్చిమేతకు ముందు కొంత ఎండుగడ్డి వేయవలెను. పప్పుజాతి మేతను మంచు ఆరిన పిదప కోసి, గడ్డితో కలిపి పెట్టవలెను. క్రొత్తమేతను కొద్దికొద్దిగా హెచ్చించుచు పదిదినములలో అలవాటు చేయవలెను. డొక్క ఉబ్బినచో ముందుకాళ్లు మెరకపై నుండునట్లు నిలిపి, తలను మిక్కిలి ఎత్తక పావులీటరు వంటనూనె మెల్లగా త్రాగించి, వెంటనే పశువైద్యుని పిలువవలెను.

జొన్న మేపువారు లేతపైరును, కోసిన మోళ్లనుండి వచ్చు పిలకలను, వానలేక వాడిన పైరును మేపరాదు. పశువులను చంపు నాము వానియందే యుండును. పూతదశలో కోసినది మేలు.

పచ్చిమేత లేనివారు నూరుకిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 మొదలు 60 లీటర్ల నీట పూర్తిగ కరగించి చల్లి, గాలి చొరకుండ మూడువారములు కప్పియుంచి, పిదప ఆరనిచ్చి మేపవచ్చును. ఆరునెలలు నిండని దూడలకు దీనిని పెట్టరాదు. యూరియా నీటిని పశువులు త్రాగకుండ జాగ్రత్త పడవలెను.

వరి కోతకు రాకమునుపే సభ్యులు కలసి పిల్లిపెసర విత్తులు సమకూర్చుకొందురుగాక. గడ్డివామి ధనమే, దానికి తోడు పచ్చిమేత, మేపు తెలివి యున్ననే పాలచెంబు నిండును.